ఇప్పుడే తినొచ్చాం

మన ఆడవాళ్ళం రోజుకి ఎన్ని చిన్న చిన్న అబద్ధాలాడతామో లెక్క కడితే చిత్రగుప్తుడి కలం అరిగిపోతుంది. "చీర కొత్తదేం కాదండీ, ఎప్పటిదో పెట్టెలో పడుంటే కట్టుకున్నా" అంటాం. "అబ్బే, నాకేం పనుందీ, ఖాళీగానే ఉన్నా" అంటాం. అన్నిటికంటే ఎక్కువగా ఆడేది మాత్రం ఒకరి గడప తొక్కగానే ఆడే అబద్ధం: "ఇప్పుడే తినొచ్చాం!"

కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే, ఆ మాట మాత్రం నోటి చివరే ఉంటుంది. ఎదుటివాళ్ళని శ్రమపెట్టకూడదనే మంచితనంతోనే చాలాసార్లు అంటాం. కానీ ఆ మాట వెనక మంచితనం కానిది కూడా ఒకటి దాక్కుని ఉంటుందని నాకు పదేళ్ళ వయసులో, మా నెల్లూరు సముద్రపు ఒడ్డున, ఒక చేపల పులుసు చట్టి ముందు తెలిసింది. తెలిసిందంటే అప్పుడే అర్థమయిందని కాదు. అర్థం కావడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

మాది అల్లూరు పక్కన చిన్న ఊరు. పడమటికి తిరిగితే కంటికి ఆనినంత మేర వరిచేలు. తూర్పుకి తిరిగితే కాసేపటికే చేలు అయిపోయి ఉప్పుకొటార్లు, సరుగుడు తోటలు, ఇసక దిబ్బలు, ఆపైన సముద్రం. ఆ ఇసకలో ఏదీ సులువుగా మొలవదు. నీళ్ళు ఉప్పన, గాలి ఉప్పన. ఏ పాళెంలో చూసినా వల, తెప్ప, ఎండబెట్టిన చేపలు, ఎండకి నల్లబడ్డ మనుషులు. ఆ పాళెం నుంచి ఒకామె వారానికి మూడుసార్లు గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటికొచ్చేది. మేమంతా ఆమెని చేపలామె అనేవాళ్ళం. ఆమెకొక పేరుంటుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మా అవ్వ పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని బేరం చేసేది. డబ్బులు చాలా తక్కువ, ఎక్కువగా బియ్యమే. మా నెల్లూరు మొలగొలుకుల బియ్యం ఒక చాటలో పోస్తే ఆమె కొంగు పట్టేది. ఆమె చేపలు మా చట్టిలోకి, మా బియ్యం ఆమె కొంగులోకి. ఏళ్ళ తరబడి అలా ఇద్దరూ ఒకరి తిండి ఒకరు తిన్నారు. కలిసి మాత్రం ఒక్క పూటా తినలేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటింది. నాకు బాగా గుర్తు. మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. చీకట్లోనే చేపలామె, మొగుడు, ముగ్గురు పిల్లలు, ఇంకా పాళెం నుంచి ఓ పాతికమంది తడిసి ముద్దయి మా ఊరికి చేరారు. మా అవ్వ గుండిగతో అన్నం వార్పించింది, పప్పుచారు కాయించింది. మూడు రోజులపాటు ఎవర్నీ ఆకలితో పడుకోనివ్వలేదు. మా అవ్వ చెయ్యి అంత పెద్దది. ఆ మాట ముందు చెప్పి తీరాలి. ఎందుకంటే తరవాత చెప్పబోయేది కూడా మా అవ్వ గురించే.

ఆ మరుసటి ఏడు మాఘపౌర్ణమికి సముద్రస్నానానికి వెళ్ళాం. మేం వస్తున్నామని చేపలామెకి ముందే తెలుసు. స్నానాలు చేసి వస్తుంటే దారికి అడ్డంగా నిలబడింది. "పెద్దమ్మా, మా గుడిసె దాకా రాండి" అని చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయింది. వెళ్ళాం. కొత్తగా కప్పిన తాటాకు గుడిసె, అలికిన నేల, ముగ్గు. మూల పొయ్యి మీద మట్టిచట్టి. మూత తీసిందో లేదో, గుడిసె నిండా ఆ వాసన! వంజరం ముక్కలు, మామిడికాయ, పైన తేలుతున్న నువ్వులనూనె. రాత్రే వండిపెట్టిందట. చేపల పులుసు తెల్లారితేనే కదా రుచి!

"రోంత తినిపోండి పెద్దమ్మా" అంది.

"ఇప్పుడే తినొచ్చాం లేమ్మా" అంది మా అవ్వ.

నేను వెంటనే, "అవ్వా, మనం యాడ తిన్నాం?" అన్నాను. మా అవ్వ నా తొడ మీద గిల్లిన గిల్లుడు రెండు రోజులు కమిలి ఉంది. చేపలామె మాత్రం నవ్వేసింది. "పిల్లకి తెలీదులే పెద్దమ్మా" అంది. కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చింది. అది తాగింది మా అవ్వ. కొబ్బరిబోండానికి అంటూ ముట్టూ లేదు కాబోలు. తిరుగుదారిలో సరుగుడు తోటలో బండి ఆపి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నాకు మాత్రం ముక్కులో ఇంకా ఆ పులుసు వాసనే.

సరే, ఆ కథ అలా ఉంచండి. తరవాత నేను బి.ఏ.లో చరిత్ర తీసుకున్నాను. పరీక్షలకి రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీపట్టాను కానీ, నాకు లోపల ఎప్పుడూ ఒకటే అనుమానం: ఈ మహానుభావులంతా ఏం తిన్నారు? ఎవరింట్లో తిన్నారు? మా ఒడ్డుకి వచ్చిన అతిథుల్ని ఆ కన్నుతో చూడ్డం మొదలుపెడితే చరిత్ర కాస్త వేరేగా కనిపించింది.

ముందు ఆ పులుసు సంగతే చూడండి. నెల్లూరు చేపల పులుసంటే ఎర్రగా, చూడగానే చెమట పట్టేలా ఉండాలని కదా మన లెక్క! కానీ పదమూడో శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ తిక్కనగారు ఈ నెల్లూరులోనే భారతం పదిహేను పర్వాలు తెలుగు చేసిన కాలంలో, ఇక్కడ మిరపకాయ అన్నదే లేదు. అది అమెరికా ఖండంలో ఉండేది. పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. తిక్కన సోమయాజిగారు యజ్ఞం చేసినవారు, ఆయనకి ఈ పులుసుతో పనిలేదు. కానీ ఆయన కాలంలో ఈ ఒడ్డునున్న పల్లెకారుల ఇంట పులుసు కాగితే దాని ఘాటు మిరియాలదే అయ్యుండాలి. అంటే మన ఇంటి పులుసులోనే సముద్రాలు దాటొచ్చిన చుట్టం కూర్చునుంది. దాన్ని మాత్రం ఎవరూ "నీదే కులం?" అని అడగలేదు. నేరుగా పొయ్యి దగ్గరికే రానిచ్చారు!

తరవాత వచ్చిన చుట్టాలు ఇంగ్లీషువాళ్ళు. 1626లో వాళ్ళ కంపెనీ మా తీరానికి దక్షిణంగా, పులికాట్ సరస్సుకి ఉత్తరాన, దుర్గరాజపట్నంలో వర్తకశాల పెట్టింది. వాళ్ళ కాగితాల్లో ఆ చోటు పేరు ఆర్మగాన్. మన ఊళ్ళ నేత బట్టలూ అద్దకం బట్టలూ కావాలి వాళ్ళకి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాస్తా గోడ కట్టుకుని ఫిరంగులు పెట్టుకున్నారు. మన దేశంలో ఇంగ్లీషువాళ్ళు కోటలాగా కట్టుకున్న మొదటి చోటు అదేనంటారు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో బేరం కుదుర్చుకున్న ఇసకతిన్నే మద్రాసయింది. పట్నం అక్కడ పెరిగింది, దుర్గరాజపట్నం పల్లెగానే మిగిలింది. మనింట్లో తినకుండానే మన ఇల్లు కొలుచుకుపోయే చుట్టాలుంటారే, అలాంటివాళ్ళన్నమాట.

ఇంక మనవాళ్ళ సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. తిరుగుదారిలో కోస్తా జిల్లాలు దాటుకుంటూ నెల్లూరు మీదుగా వచ్చారు. మిత్రుడికి రాసిన ఆ యాత్ర సంగతులు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. నాకు ఆ పుస్తకమంటే ప్రాణం. ఎందుకంటే ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి, సత్రం ఉందా లేదా అన్నది ఆయన ఇల్లాలి కన్నుతో రాసిపెట్టారు. ఆయన వెంట పెద్ద పరివారం, గుడారాలు, వంటసరంజామా. అంత దూరం తిరిగి, అన్ని ఊళ్ళు చూసిన మనిషి, దారిలో కనిపించిన గుడిసెలో మాత్రం ముద్ద ముట్టరు. అది ఆయన తప్పని నేనను. అప్పటి ఆచారమే అది. పెద్ద కులాలవాళ్ళు ఊరికొస్తే ఊరివాళ్ళు బియ్యం, పప్పు, చింతపండు, కట్టెలు ఇచ్చేవారు. వాళ్ళే వండుకు తినేవారు. దానికో చక్కని పేరు కూడా ఉంది: స్వయంపాకం. మీ బియ్యం మాకు పనికొస్తుంది, మీ చెయ్యి మాత్రం పనికిరాదు అని అంత మర్యాదగా చెప్పే మాట ఇంకో భాషలో ఉందో లేదో నాకు తెలీదు.

మా సరుగుడు తోటలోని పులిహోర కూడా స్వయంపాకమే కదండీ!

మా తీరం వెంబడి ఒక కాలవుంది. బకింగ్‌హామ్ కాలవ. మా పక్క ముసలివాళ్ళకి ఉప్పుకాలవ. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా మొదలై, మెల్లమెల్లగా మా జిల్లా అంతా దాటి పెదగంజాం దాకా వచ్చింది. కట్టెలు, ఉప్పు, ధాన్యం వేసుకున్న పడవలు గాలి ఉంటే చాప ఎత్తుకుని, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే మద్రాసుకి పోయేవి. 1876లో వచ్చిన కరువుని మన పెద్దలు ధాత కరువంటారు. ఆ కరువు రోజుల్లోనే, 1877-78లో, మద్రాసు ఊళ్ళో కూవం ఏటికీ అడయారు ఏటికీ మధ్య ముక్క కరువుపనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే మొత్తం కాలవకి పెట్టారు. 1877 మొదట్లో కరువుపనికి నిర్ణయించిన కూలి మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆడదానికి అణాలో సగం. రోజంతా మన్ను మోసి ఆ గుప్పెడు గింజలు ఇంటికి తెచ్చి ఎంతమందికి పంచి ఉంటుందో ఆ తల్లి! కాలవకి మాత్రం పేరు దొరది. కాలవ పుణ్యం దాని తవ్వినవాళ్ళదే అనుకుంటాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పొంగిన నీళ్ళని చాలాచోట్ల ఈ కాలవే తనలోకి తీసుకుని ఊళ్ళమీదికి పోకుండా ఆపింది.

ఇంతకీ స్వయంపాకం చట్టిని పగలగొట్టినవాళ్ళు మా జిల్లాలో ఎవరూ లేరా అంటే, ఎందుకు లేరు! మన ఆడవాళ్ళలోనే ఉన్నారు. పొట్లపూడి పొణకా కనకమ్మగారి పేరు విన్నారా? 1892లో పుట్టారు. బడికి పోయి చదువుకున్నది లేదు, చిన్నప్పుడే పెళ్ళి. అలాంటి మనిషి పెన్న ఒడ్డున పల్లెపాడులో ఆశ్రమానికి భూమి ఇచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు వచ్చి ఆ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. అక్కడి భవనానికి దక్షిణాఫ్రికాలో గాంధీగారి స్నేహితుడైన రుస్తుంజీ అనే పార్శీ ఆయన డబ్బిచ్చారు. ఎక్కడి దక్షిణాఫ్రికా, ఎక్కడి పల్లెపాడు! గాంధీగారి ఆశ్రమాల్లో కులం చూసి పంక్తి వేసేది లేదు. గోషా, మడి, ఇంటిపేరు బరువు మోస్తున్న ఆ కాలపు పెద్దింటి ఇల్లాలు అలాంటి చోటికి తన నేల ఇవ్వడమంటే ఎంత ధైర్యమో మనకి ఇప్పుడు ఊహకందదు. 1923లో నెల్లూరులో ఆడపిల్లలకి కస్తూరీదేవి విద్యాలయం పెట్టిందీ ఆమే.

అన్నట్టు, 2008లో మా జిల్లాకి పొట్టి శ్రీరాములుగారి పేరు పెట్టారు. తిండిగోల రాస్తూ ఆయన్ని తలుచుకోవడం విడ్డూరంగా ఉంటుందేమో! 1952లో యాభై ఎనిమిది రోజులు అన్నం మానేసి, డిసెంబరు 15న ప్రాణం విడిచారని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని ఆయన ఇంకోసారి అన్నం మానేసిన సంగతి చాలామందికి తెలీదు. ఒక మనిషి అన్నం మానేస్తేగానీ ఇంకో మనిషికి గడప దాటే దారి దొరకలేదు. మా అవ్వ అప్పటికి పెళ్ళయి కాపురానికొచ్చిన పడుచు. ఈ కబురు వినే ఉంటుంది. విని, "పాపం మహానుభావుడు" అని కూడా అనే ఉంటుంది.

అదేనండీ నాకు ఇన్నేళ్ళకి అర్థమయింది. మా అవ్వకి దయ లేదా? తుఫాను రాత్రి గుండిగతో అన్నం వండించిందే! పెట్టడం ఆమెకి బాగా వచ్చు. పుచ్చుకోవడమే రాదు. పెట్టినప్పుడు మన చెయ్యి పైన ఉంటుంది. తిన్నప్పుడు కింద ఉంటుంది. చేపలామె మా అన్నం మూడు రోజులు తిన్నది, ఆ బాకీ కొంతైనా తీర్చుకుందామని రాత్రంతా పొయ్యి ముందు కూర్చుంది. తీర్చుకోనివ్వలేదు మనం. ఎప్పటికీ బాకీలోనే ఉంచాం.

ఈ మే నెలలో మావారితో ఆ పాళేనికి వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను, వెళ్ళాలనిపించింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని అరవై ఒక్క రోజులు వేట బందు. పడవలన్నీ ఒడ్డున బోర్లాపడుకున్నాయి. గుడిసెల చోట మిద్దెలొచ్చాయి. దారికి రెండుపక్కలా రొయ్యల గుంటలు. అందులో పెరిగిన రొయ్య అమెరికా దాకా పోతుందిట. పాళెంవాళ్ళ విస్తట్లోకి మాత్రం పండక్కి వస్తే వచ్చినట్టు. అడగ్గా అడగ్గా చేపలామె కూతురి ఇల్లు చూపించారు. తుఫానుకి మా ఇంటికొచ్చిన ముగ్గురు పిల్లల్లో పెద్దది. నాకంటే రెండేళ్ళు పెద్ద.

"అమ్మ పొయ్యి ఏడేళ్ళయింది" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తరవాత ఆమే లేచి, "కూచ్చోండి, రోంత తినిపోండి" అంది.

మావారు ఎంతో సభ్యతగా, "అబ్బే, ఇప్పుడే తినొచ్చాం..." అంటున్నారు. మా అవ్వ గిల్లిన చోటే చూసి గిల్లాను. ఆయన ఉలిక్కిపడి, "అంటే... కొంచెమే తిన్నాం" అన్నారు!

వేట లేదు కదా, పచ్చిచేప లేదు. ఎండు నెత్తళ్ళు వేయించి, వంకాయా పుల్లమామిడికాయా వేసి పులుసు పెట్టింది. గంటె పెట్టి కలపలేదు. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, వాళ్ళమ్మ లాగే కాబోలు. వేడి అన్నంలో మామిడి పులుపు, మెంతి చేదు, ఎండుచేప ఉప్పు. మావారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. ఇంట్లో నేను వండితే రెండోసారి అడిగిన పాపాన పోరు.

తింటూ తింటూ ఆనాటి సంగతి చెప్పి, "మా అవ్వ తరఫున..." అని ఏదో అనబోయాను. ఆమె పకపకా నవ్వింది.

"నాకు గుర్తుండాదిలే. అది అమ్ముడుపోవాల్సిన వంజరం. మీరొస్తారని మా అమ్మ అమ్మకుండా పెట్టింది. మీరు పొయినాక రెండ్రోజులు మేమే తిన్నాం. అంత పెద్ద వంజరం మాకెప్పుడు దొరికేది! మీరు తినకపోవడమే మేలయింది!"

నవ్వాను. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. పులుసు కారంగా ఉందనుకున్నారు మావారు. అనుకోనివ్వండి. వచ్చేముందు వాళ్ళమ్మ పేరు అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. అంత ఆలస్యంగా అడిగి తెలుసుకున్న పేరు, నా దగ్గరే ఉండనివ్వండి.

"రేపటికి ఇంకా బాగుంటది" అంటూ ఒక స్టీలుడబ్బాలో పులుసు పోసి ఇచ్చింది. ఆ డబ్బా కడిగి మా వంటింటి అలమరలో పెట్టాను. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా అవ్వే నేర్పింది నాకు. అందులో ఏం పెట్టి ఇవ్వాలో ఇంకా తేలలేదు.

మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది కదా. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మతమూ కులమూ అడక్కుండా ముక్కూ మొహం తెలియనివాళ్ళ రొట్టె పుచ్చుకుని తింటారు జనం. ఆ పండక్కి ఆమె వస్తానంది. వస్తే మా ఇంటికి రమ్మన్నాను. భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఆమెదేనన్నాను.

గడపలో నిలబడి "ఇప్పుడే తినొచ్చాం" అన్నావంటే మాత్రం గిల్లుతానని కూడా ముందే చెప్పి వచ్చాను.